లేవీయకాండంలో రొయ్య, కొరింథులో ప్రసాదం: బైబిల్లో ఏ మాట ఏ అరలోది

క్లుప్తంగా

బైబిల్ ఒకాయన కూర్చుని మొదట్నుంచి చివరిదాకా రాసిన పుస్తకం కాదు. దాదాపు వెయ్యేళ్ల కాలంలో రకరకాల మనుషులు రాసిన చట్టం, చరిత్ర, పాట, సామెత, మందలింపు, ఉత్తరం, దర్శనం అన్నీ ఒకే అట్టలో కుట్టిన కట్ట అది. ఒక మాట ఏ భాగంలోది, ఎవరితో జరిగిన ఒప్పందంలోది అన్న రెండు సంగతులు పట్టుకుంటే గోదావరి డెల్టాలో తరచూ నడిచే వాదనలు (రొయ్యలు, ప్రసాదం, దశమభాగం అంటే రాబడిలో పదోవంతు ఇవ్వడం, యుగాంతం) ఎక్కడ మొదలవుతున్నాయో కనబడుతుంది. తీరిపోతాయని మాత్రం కాదు.

గొడవ ఎక్కడ మొదలవుతుంది

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది. లేవీయకాండం 11వ అధ్యాయం ఫోటో తీసి, కింద ఇలా రాస్తారు: నీళ్లలో ఉండేవాటిలో రెక్కలు, పొలుసులు లేనివి తినకూడదని మీ బైబిల్లోనే ఉంది కదా, మరి చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే రోజు పాస్టర్ గారిని పిలిచి ప్రార్థన ఎలా చేయిస్తున్నారు అని. ఆ లెక్కన చూస్తే పులస, శీలావతి, బొచ్చె పాసవుతాయి, వాటికి పొలుసు ఉంది కాబట్టి. రొయ్య, పీత, వాలుగ, జెల్ల ఫెయిల్.

దానికి వచ్చే జవాబు కూడా రెడీగానే ఉంటుంది, అది పాత నిబంధన అండి, మాకు వర్తించదు అని. వెంటనే అవతలివాళ్లు, మరి పది ఆజ్ఞలూ పాత నిబంధనలోవే కదా, దశమభాగమూ అక్కడిదే కదా, అది మాత్రం వసూలు చేస్తారేం అంటారు. అక్కడితో వాదన తిట్లలోకి దిగిపోతుంది, గ్రూప్ అడ్మిన్ వచ్చి మతం గురించి పోస్టులు వద్దు అని పెడతాడు.

నిజానికి ఆ ప్రశ్న కొత్తదేం కాదు, క్రీస్తు శకం 49 ప్రాంతంలో యెరూషలేములో సంఘ పెద్దలంతా కూర్చుని తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్నే అది. ఆ సంగతి చూసేముందు అసలు ఈ కట్ట ఎలా పేర్చారో చూడాలి.

39, 27, 24, 73 ఈ అంకెలేంటి

ప్రొటెస్టెంట్ల బైబిల్లో 66 పుస్తకాలు, పాత నిబంధనలో 39, కొత్త నిబంధనలో 27. పాత నిబంధనలో మొదటి 5 ధర్మశాస్త్రం, తర్వాత 12 చరిత్ర, 5 కావ్యాలూ జ్ఞాన గ్రంథాలూ, 5 పెద్ద ప్రవక్తలు, 12 చిన్న ప్రవక్తలు. ఇక్కడ పెద్ద, చిన్న అనేది గొప్పతనం కాదు, పుస్తకం సైజు. యెషయా 66 అధ్యాయాలు, ఓబద్యా ఒకే ఒక్క అధ్యాయం. కొత్త నిబంధనలో యేసు కథ చెప్పే 4 సువార్తలు, తొలి సంఘం కథ చెప్పే అపొస్తలుల కార్యములు, 21 పత్రికలు అంటే ఉత్తరాలు, చివర ప్రకటన.

యూదుల బైబిల్లో ఉన్నది కూడా ఆ 39 పుస్తకాల సరుకే, కానీ వాళ్లు 24గా లెక్కపెడతారు. సమూయేలు, రాజులు, దినవృత్తాంతాలు వాళ్లకి రెండేసి కాదు ఒక్కోటే, ఎజ్రా నెహెమ్యా కలిపి ఒకటి, చిన్న ప్రవక్తలు 12 మందీ కలిపి ఒకటి. వరస కూడా వేరు. వాళ్లది దినవృత్తాంతాలతో, అంటే పారసీక రాజు కోరెషు యూదుల్ని ఇంటికి వెళ్లిపోండి అన్న మాటతో ముగుస్తుంది. క్రైస్తవుల వరసలో చివరిది మలాకీ, అది ఏలీయా ప్రవక్త మళ్లీ వస్తాడు అనే మాటతో ఆగుతుంది, పేజీ తిప్పగానే మత్తయి, కాసేపటికే బాప్తిస్మమిచ్చే యోహాను కనిపిస్తాడు, ఆ వచ్చే ఏలీయా ఈయనే అని 11వ అధ్యాయంలో యేసు అంటాడు. సరుకు ఒకటే, పేర్చిన తీరులోనే అర్థం మారిపోయింది. ధవళేశ్వరం దాకా పారేది ఒకే నీరు, కిందకి వచ్చాక గౌతమి అంటారు, వశిష్ఠ అంటారు, ఇదీ కొంచెం అలాంటిదే.

73 లెక్క కతోలికులది. తోబితు, యూదితు, మక్కబీయులు రెండు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా, బారూకు అనే 7 పుస్తకాలు అదనం, ఎస్తేరు దానియేలు పుస్తకాల్లో కూడా కొంత ఎక్కువ పాఠం ఉంటుంది. ఈ తేడాకి కారణం ఒక అనువాదం. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నుంచి ఈజిప్టులోని అలెగ్జాండ్రియా యూదులు తమ గ్రంథాలని గ్రీకులోకి మార్చుకున్నారు, ఆ గ్రీకు కట్టలో ఈ అదనపు పుస్తకాలు చేరాయి, తొలి క్రైస్తవులు ఎక్కువగా వాడింది ఆ గ్రీకు కట్టనే. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ మాత్రం హీబ్రూ లెక్కకే మొగ్గాడు, 1534 జర్మన్ బైబిల్లో వీటిని తీసెయ్యకుండా వేరే భాగంగా పెట్టాడు. 1546లో కతోలిక పెద్దల ట్రెంట్ మహాసభ ఇవి గ్రంథంలో భాగమే అని కతోలికులకి ఖాయం చేసింది.

ఇది పాత యూరప్ గొడవ అనిపిస్తుంది గానీ డెల్టాలో దీని జాడ కనిపిస్తూనే ఉంటుంది. నవంబర్ 2న కతోలికులు సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేస్తారు, దానికి చూపించే ఆధారాల్లో ముఖ్యమైనది మక్కబీయులు రెండో గ్రంథం 12వ అధ్యాయం. పక్కింటి బ్యాప్టిస్టు బైబిల్లో ఆ పుస్తకమే ఉండదు. కతోలిక ఇంటికీ లూథరన్ ఇంటికీ వియ్యం కుదిరితే ఈ తేడా పెళ్లిలో బయటపడదు, ఎవరైనా పోయినప్పుడు బయటపడుతుంది.

తెలుగే అడ్డొచ్చే చోట్లు

తెలుగు పాఠకులకి ఇంకో చిక్కుంది, దీని గురించి తక్కువ మాట్లాడతారు. తెలుగు బైబిల్ పని 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, దెగ్రాంజ్ అనే లండన్ మిషనరీలతో ఊపందుకుంది, 1812లో కొన్ని సువార్తలు శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇవాళ ఎక్కువ ఇళ్లలో ఉండే పాత అనువాదం ఆ గ్రాంథికం బాటలోనిదే. మాటలు అలాగే ఉండిపోయాయి, బయట తెలుగు మాత్రం ముందుకెళ్లిపోయింది.

నిబంధన అంటే ఇవాళ టీవీ యాడ్ చివర గబగబా చదివే నిబంధనలు వర్తిస్తాయి గుర్తొస్తుంది, బైబిల్లో నిబంధన అంటే రెండు పక్షాల మధ్య ప్రమాణం చేసి కుదుర్చుకున్న ఒప్పందం. సమాధానం అంటే జవాబు అనుకుంటాం, అక్కడ శాంతి, క్షేమం అని. నిరీక్షణ అంటే బస్టాండులో ఎదురుచూడటం కాదు, ఆశ. రక్షణ అంటే డిఫెన్స్ శాఖ కాదు, పాపం నుంచి విడుదల. ప్రవచనం అనగానే సాయంత్రం గుళ్లో భాగవతం చెప్పే ప్రవచనకర్తలు మెదులుతారు, బైబిల్లో అది దేవుడి తరఫున ప్రవక్త పలికిన మాట. ఇక పత్రిక అంటే పొద్దున్నే గుమ్మంలో పడే పేపర్, కానీ రోమీయులకు వ్రాసిన పత్రిక అంటే ఉత్తరం, ఆ పాత అర్థం ఇప్పుడు పెళ్లిపత్రికలో ఒక్కటే మిగిలినట్టుంది.

కీర్తన అయితే చర్చిలోనే రెండు రకాలు. బైబిల్లోని 150 కీర్తనలు ఒకటి, పాటల పుస్తకంలోని తెలుగు కీర్తనలు ఇంకోటి. ఆరాధనలో 23వ కీర్తన తీయండి అంటే కొత్తగా వచ్చినవాళ్లు ఏ పుస్తకం తీయాలో తెలీక పక్కవాళ్ల చేతిలోకి చూస్తారు.

ఒప్పందం ఎవరితో: రొయ్య సంగతి

పాత నిబంధన అంతా ఒకే ఒప్పందం అనుకోవడం దగ్గరే ఎక్కువ గందరగోళం పుడుతుంది. లోపల చాలా ఉన్నాయి. జలప్రళయం తర్వాత నోవహుతో ఒకటి, అది మనుషులందరితో, జీవులన్నిటితో, దాని గుర్తు ఇంద్రధనుస్సు. అబ్రాహాముతో ఒకటి, అది ఒక కుటుంబంతో, గుర్తు సున్నతి. సీనాయి కొండ దగ్గర మోషే ద్వారా ఒకటి, అది ఐగుప్తు నుంచి బయటికొచ్చిన ఇశ్రాయేలు జనంతో, పది ఆజ్ఞలూ తిండి నియమాలూ బలులూ అన్నీ ఇందులోవే, యూదుల లెక్కలో మొత్తం 613 ఆజ్ఞలు. తర్వాత దావీదు వంశంతో ఒకటి. చివరికి యిర్మీయా 31వ అధ్యాయం ఇకముందు కొత్త నిబంధన ఒకటి వస్తుంది, అది గుండెల మీద రాసి ఉంటుంది అంటుంది, కడరాత్రి భోజనంలో యేసు గిన్నె చూపించి ఇదే ఆ కొత్త నిబంధన అన్నట్టు లూకా రాశాడు. పుస్తకం రెండో సగానికి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది.

కౌలు కాగితం మీద ఎవరి పేరుంటే ఆ షరతులు వాళ్లకే, పక్క చేను రైతుకి కాదు (డెల్టాలో కౌలు ఎక్కువ నోటిమాట మీదే నడుస్తుంది, అది వేరే సంగతి). రొయ్య నియమం సీనాయి కాగితంలోది. క్రైస్తవులు రొయ్య తినడానికి చెప్పే కారణం ఇదే, ఆ కాగితంలో పక్షం ఇశ్రాయేలు, యూదేతరులు కాదు అని.

కానీ ఈ జవాబు దానంతటదే ఊడిపడలేదు. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో యేసు శిష్యుడు పేతురు యొప్పే అనే ఊళ్లో మధ్యాహ్నం మిద్దె మీద ఆకలితో ఉండగా దర్శనంలో ఒక పెద్ద దుప్పటి దిగుతుంది, దాన్నిండా తినకూడని జంతువులు, చంపుకుని తిను అని మాట వినిపిస్తుంది. గమ్మత్తేంటంటే పేతురు దానికి చెప్పుకున్న అర్థం తిండి గురించి కాదు, యూదులు కాని ఏ మనిషినీ అపవిత్రుడు అనకూడదు అని. తిండి గురించి సూటిగా చెప్పేది మార్కు 7వ అధ్యాయం. అయినా గొడవ ఆగలేదు, కొత్తగా చేరే అన్యజనులు (యూదులు కానివాళ్లు) సున్నతి చేయించుకోవాలా, మోషే ధర్మశాస్త్రం మొత్తం పాటించాలా అని యెరూషలేములో సభ పెట్టారు, అదే 15వ అధ్యాయం. తీర్మానంలో అక్కర్లేదు అన్నారు, నాలుగు మాత్రం ఉంచారు: విగ్రహాలకి పెట్టినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం అంటే అక్రమ లైంగిక సంబంధం. డెల్టాలో కొన్ని క్రైస్తవ ఇళ్లలో వేట మాంసం ఎంత ఇష్టంగా తిన్నా నెత్తురు వేపుడు మాత్రం ముట్టరు, దాని వెనక ఉన్నది ఈ తీర్మానమే, ఇంకా వెనక్కి వెళ్తే నోవహుతో జరిగిన ఒప్పందం, రక్తం నిషేధం మొదట కనిపించేది అక్కడే.

మరి పది ఆజ్ఞల మాటేంటి? చాలా సంఘాలు ధర్మశాస్త్రాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి, నీతికి సంబంధించినవి ఎప్పటికీ, బలులూ ఆచారాలూ క్రీస్తుతో పూర్తయ్యాయి, దేశ చట్టాలు ఆ దేశానికే అని. విడదీత బాగానే ఉంది గానీ పాఠంలో ఆ గీతలు గీసి ఉండవు, లేవీయకాండం 19లో పొరుగువాణ్ణి ప్రేమించు అన్న మాట పక్కనే రెండు రకాల విత్తనాలు కలిపి చల్లకు అని ఉంటుంది. సెవెన్త్ డే అడ్వెంటిస్టులు ఈ గీతని వేరే చోట గీస్తారు, శనివారం పాటిస్తారు, పందిమాంసం రొయ్య రెండూ ముట్టరు. దశమభాగం కూడా ఈ గీత దగ్గరి గొడవే. సంఖ్యాకాండం 18 ప్రకారం అది గుడార సేవ చేసే లేవీయులకి, ఎందుకంటే వాళ్లకి భూమిలో వాటా లేదు. భూమి లేనివాడికి పంటలో భాగం అనే ఏర్పాటు అది. తొలి సంఘాలకి ఉత్తరాలు రాసిన పౌలు రెండో కొరింథీ పత్రిక 9లో అంకె చెప్పడు, ఎవరు మనసులో ఎంత అనుకుంటే అంత, బలవంతంగా వద్దు అంటాడు. ఒక పాస్టర్ గారు దశమభాగం మొత్తం తెమ్మనే మలాకీ 3 తీస్తారు, ఇంకొకరు కొరింథీ తీస్తారు, ఇద్దరి చేతిలోనూ బైబిలే.

పరిగె, పాట

చరిత్ర పుస్తకాల సారం తొందరగానే చెప్పొచ్చు. కనానులో స్థిరపడటం, రాజులు రావడం, రాజ్యం రెండుగా చీలడం, ఉత్తర భాగం క్రీస్తు పూర్వం 722లో అష్షూరు చేతికి, యెరూషలేము 586లో బబులోను చేతికి పోవడం, తర్వాత కోరెషు కాలంలో తిరిగిరావడం. ఈ చెర, అంటే బందీలుగా పరాయి దేశానికి పోవడం, పాత నిబంధన మొత్తానికి ఇరుసు లాంటిది, ప్రవక్తల్లో ఎక్కువమంది దాని ముందో, మధ్యలోనో, తర్వాతో మాట్లాడతారు.

ఈ అరలో డెల్టావాళ్లకి బాగా దగ్గరగా ఉండేది రూతు. విధవరాలు, పరదేశి, అత్తతో కలిసి వచ్చి బేత్లెహేములో యవల కోత టైములో కోతవాళ్ల వెనక పరిగె ఏరుకుంటుంది. తెలుగు అనువాదకులు అక్కడ పెట్టిన మాట పరిగె. దాళ్వా కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకునే ఆడవాళ్లని చూసినవాళ్లకి దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు, కోత మిషన్లు వచ్చాక పెరిగిన పిల్లలకి మాత్రం ఇప్పుడు చెప్పాల్సి వస్తుంది. పొలం అంచులు కోయకు, రాలినవి ఏరకు, అవి పేదలకీ పరదేశులకీ అని లేవీయకాండం 19, 23 అధ్యాయాల్లో ఉన్న చట్టం. అంటే రొయ్య వద్దన్న పుస్తకమే రూతుకి తిండి పెట్టింది.

పాటల సంగతికొస్తే, తెలుగు పద్యానికి యతి ప్రాసలు ప్రాణం, హీబ్రూ పాటలో ప్రాస శబ్దానికి కాదు భావానికి. మొదటి పాదంలో చెప్పినదాన్ని రెండో పాదం ఇంకో రకంగా మళ్లీ చెప్తుంది, లేదా తిప్పి చెప్తుంది. అందుకే ఏ భాషలోకి మార్చినా పెద్దగా పోదు. 119వ కీర్తన మాత్రం అక్షరాల ఆట, 22 హీబ్రూ అక్షరాలకి ఒక్కోదానికి 8 వచనాలు, మొత్తం 176. తెలుగు బైబిల్లో మధ్యమధ్య ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఎందుకు అచ్చేశారో అని తికమకపడేది దీని గురించే.

ప్రవక్తలు: జోస్యం కన్నా కాటా ఎక్కువ

ప్రవక్త అనగానే భవిష్యత్తు చెప్పేవాడు అనుకుంటారు. పుస్తకాలు తెరిస్తే ఎక్కువ భాగం అప్పటి జనానికి అప్పటి పాపం గురించి పెట్టిన చీవాట్లే కనిపిస్తాయి, వెనక ఉన్నది మళ్లీ సీనాయి ఒప్పందమే, దాన్ని తప్పారు కాబట్టి ఫలితం ఇదీ అని గుర్తుచేయడం.

ఆమోసుని తీసుకోండి, క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం, పశువులు కాసుకునేవాడు, మేడిపండ్లు ఏరుకునేవాడు, నేను ప్రవక్తని కాదు ప్రవక్త కొడుకునీ కాదు అని చెప్పుకున్నవాడు. 8వ అధ్యాయంలో వ్యాపారస్తుల మీద ఆయన గొడవేంటంటే, పండగరోజు ఎప్పుడైపోతుందా కొట్టు తెరుద్దాం అని చూస్తారు, కొలమానం చిన్నది చేస్తారు, త్రాసులో మోసం చేస్తారు, గోధుమల్లో తాలు కూడా అమ్మేస్తారు అని. కాటా, తాలు, తేమ శాతం అనే మూడు మాటల మీద ధాన్యం సీజన్ అంతా నడిచే ప్రాంతంలో ఆ అధ్యాయం చదివితే 2,700 ఏళ్ల దూరం అంతగా అనిపించదు. మరి చర్చిల్లో ఆమోసు కన్నా మలాకీ ఎక్కువ ఎందుకు వినిపిస్తాడు అనేది అడగదగ్గ ప్రశ్నే.

రెండు సువార్తలు, ఒకే పాక

క్రిస్మస్‌కి చర్చి ముందు కొబ్బరాకులతో కట్టే పాకలో బాలయేసు పక్కన గొర్రెల కాపరులూ ఉంటారు, ఒంటెలతో ముగ్గురు జ్ఞానులూ ఉంటారు, పైన నక్షత్రం. పాఠంలో మాత్రం వీళ్లెప్పుడూ కలవరు. కాపరులు, పశువుల తొట్టి లూకాలో. నక్షత్రం, జ్ఞానులు మత్తయిలో, వాళ్లు వచ్చింది ఇంటికి, ఎంతమందో అంకె లేదు, కానుకలు మూడు కాబట్టి ముగ్గురనుకున్నారు. మార్కు, యోహాను పుట్టుక కథే చెప్పరు.

ఇది పొరపాటు కాదు, ఒక్కో రచయిత ఏది చూపించాలనుకున్నాడో దాని గుర్తు. మత్తయి పాత నిబంధన మాటలు నెరవేరాయి అని అడుగడుగునా చెప్తాడు, యేసుని దావీదు వంశపు రాజుగా నిలబెడతాడు. లూకా పేదలవైపు చూస్తాడు. మార్కు గబగబా నడిపిస్తాడు, యోహాను నిదానంగా సంభాషణలు రాస్తాడు.

ఉపమానాల దగ్గర ఊరి తేడా కూడా ఉంది. విత్తేవాడు దారి మీద, రాతి మీద, ముళ్లలో కూడా విత్తనం పడేసుకున్నాడంటే నారు పోసి, దమ్ము చేసి, ఊడ్పులు ఊడ్చే మాగాణి రైతుకి చోద్యంగా ఉంటుంది. గలిలయ కొండ నేలల్లో అది మెట్ట సేద్యం, చల్లడమే పద్ధతి.

ఉత్తరాలు: అన్నవరం ప్రసాదం తినొచ్చా

బస్సులో పక్క సీటాయన ఫోన్లో మాట్లాడుతుంటే మనకి ఒక వైపే వినిపిస్తుంది, అవతల ఏం అడిగారో ఊహించుకోవాలి. పత్రికలు చదవడం అలాంటిదే. 21 పత్రికల్లో 13 పౌలు పేరు మీద ఉన్నాయి, వాటిని పేర్చింది రాసిన తేదీల వరసలో కాదు, ముందు సంఘాలకి రాసినవి తర్వాత మనుషులకి రాసినవి, దాదాపుగా పెద్దది నుంచి చిన్నదానికి. పండితులు ఎక్కువమంది మొదట రాసిందిగా భావించే మొదటి థెస్సలొనీకయ పత్రిక మధ్యలో ఎక్కడో ఉంటుంది, అది క్రీస్తు శకం 50 ప్రాంతానిది, అంటే సువార్తల కన్నా ముందుది.

పక్కింటివాళ్లు అన్నవరం వెళ్లొచ్చి ఆకు పొట్లంలో ప్రసాదం ఇస్తే తీసుకోవాలా వద్దా అనేది డెల్టాలో ప్రతి క్రైస్తవ కుటుంబానికీ ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్న. ఒకరు తీసుకుని తినేస్తారు, ఒకరు తీసుకుని పక్కన పెడతారు, ఒకరు నవ్వుతూ వద్దంటారు. ముగ్గురూ ఆధారంగా చెప్పేది మొదటి కొరింథీ పత్రిక 8 నుంచి 10 దాకానే, అదే విచిత్రం.

కొరింథు గ్రీకు రేవు పట్నం, అక్కడ గుళ్లలో బలిచ్చిన మాంసం బజారులోకీ వచ్చేది, విందుల్లోనూ పెట్టేవాళ్లు. పౌలు మూడు మెట్లుగా మాట్లాడతాడు. విగ్రహంలో ఏమీ లేదు కాబట్టి మాంసానికి ఏమీ కాదు, ఇది ఒకటి. అయినా నువ్వు తినడం చూసి మనస్సాక్షి బలహీనంగా ఉన్నవాడు తడబడితే నువ్వు మానెయ్యి, ఇది రెండు. గుళ్లో జరిగే పూజలో మాత్రం కూర్చోకు, ఇది మూడు. ఆ మీదట బజారులో అమ్మేది ఎక్కడిదని అడక్కుండా తిను, ఎవరైనా ఇది బలి అర్పించింది అని చెప్తే మాత్రం ఆ చెప్పినవాడి కోసం తినకు అంటాడు. తినేవాళ్లు మొదటి మెట్టు మీద ఆగుతారు, తీసుకుని పక్కన పెట్టేవాళ్లు రెండో దాని మీద, వద్దనేవాళ్లు మూడోదాని మీదా కార్యములు 15 మీదా నిలబడతారు. బొట్టు, పూలు, నగలు పెట్టుకోవడం మీద నడిచే వాదనలో కూడా మొదటి తిమోతి 2, మొదటి పేతురు 3 ఇలాగే పని చేస్తాయి, ఒక కాలపు సంఘానికి రాసిన మాట అందరికీ చట్టమా, లేక దాని వెనక సూత్రం మాత్రమే తీసుకోవాలా అని.

ప్రకటన గురించి రెండు మాటలు

తుఫాను వచ్చినా, యుద్ధం మొదలైనా, కొత్త కార్డు ఏదైనా ప్రభుత్వం ఇచ్చినా ప్రకటనలో మృగానికి చెప్పిన 666 అంకె మీద ఫార్వర్డులు బయల్దేరతాయి. ప్రకటన గ్రంథం మాత్రం మొదటి మూడు అధ్యాయాల్లోనే ఎవరికి రాసిందో చెప్తుంది, ఇప్పటి టర్కీలో ఉన్న ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అనే ఏడు ఊళ్ల సంఘాలకి. రోమా సామ్రాజ్యం కింద నలుగుతున్నవాళ్లకి గుర్తుల భాషలో ధైర్యం చెప్పిన పుస్తకం అది. 666 అంటే నీరో చక్రవర్తి పేరుని హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే వచ్చే అంకె అని చాలామంది పండితులు అంటారు. జరగబోయేదాని పట్టికగా చదివే సంఘాలూ డెల్టాలో చాలానే ఉన్నాయి, అక్కడ సర్పాలూ మృగాలూ దేశాల పేర్లవుతాయి, దశాబ్దానికోసారి ఆ పేర్లు మారుతుంటాయి.

డెల్టాలో ఒక్కో సంఘం ఒక్కో అర

1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ పని మొదలుపెట్టాయి, అదే గోదావరి డెల్టా మిషన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు, అంటే 1847 నుంచి 1852 మధ్య, కూలీల మధ్య కూడా వీళ్లు తిరిగారు. రాజమండ్రిలో 1840ల నుంచి లూథరన్లు, కాకినాడలో 1874 నుంచి కెనడా బ్యాప్టిస్టులు, కతోలికులు, 1947 తర్వాత సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), ఆ తర్వాత ఊరూరా పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు.

వీళ్లందరి చేతిలో దాదాపు అదే పుస్తకం, అలవాటుగా తెరిచే చోటు మాత్రం వేరు. లూథరన్లకి రోమీయులకు, గలతీయులకు రాసిన పత్రికలు, విశ్వాసం వల్లే నీతి అన్న మాట, కేంద్రం. బ్రదరెన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరవడం, దేవుడు ఒక్కో కాలంలో ఒక్కో ఏర్పాటుతో నడిపిస్తాడని కాలాల్ని విడదీసి చదవడం. పెంతెకొస్తులకి కార్యములు 2వ అధ్యాయం, ఆత్మ, స్వస్థత. సీఎస్ఐ, లూథరన్ చర్చిల్లో కోతపండగ వస్తే లేవీయకాండం 23, ద్వితీయోపదేశకాండం 26 ప్రథమఫలాల మాటలు, బయట షామియానా కింద అరటి గెలలు, గుమ్మడికాయలు, నాటుకోడి వేలం. సంఘం పేరు తెలిస్తే ఆదివారం ప్రసంగం ఏ అరలోంచి రావచ్చో సగం ఊహించొచ్చు.

వాగ్దాన కార్డు ఎక్కణ్ణుంచి వస్తుంది

డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక ట్రేలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి ఒకటి తీసుకోవడం, అది ఆ ఏడాది వాగ్దానం అనుకోవడం చాలా సంఘాల్లో మామూలే. ఇక్కడ పనిచేసే యంత్రం వచనం. కానీ వచనాల నంబర్లు రాసినవాళ్లు పెట్టినవి కావు, అధ్యాయాలు 13వ శతాబ్దంలో, కొత్త నిబంధన వచనాల అంకెలు 1551లో ఒక ప్రింటర్ పెట్టినవి. ఎక్కడ కావాలంటే అక్కడ వెతుక్కోవడానికి పెట్టినవి, విడగొట్టి పంచడానికీ బాగా పనికొచ్చాయి, ఇప్పుడు ఫోన్లో రోజుకో వచనం యాప్‌లూ రీల్సూ వచ్చాక అర అనేదే కనబడకుండా పోతోంది.

ద్వితీయోపదేశకాండం 28లో నిన్ను తలగా చేస్తాడు తోకగా కాదు అనే మాట కార్డుల్లో బాగా తిరుగుతుంది. ఆ అధ్యాయంలో మొత్తం 68 వచనాలు, దీవెనలు 14, మిగతా 54 ఒప్పందం తప్పితే వచ్చే శాపాలు. కార్డులన్నీ ఆ 14లోంచే.

ఇంకోటి యిర్మీయా 29:11, మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అనేది. ఫ్రిజ్ మీద, ఆటో వెనక, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన కోనసీమ అక్కల వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తుంది. వాళ్ల స్టేటస్‌లోనే అది అసలు చోటికి దగ్గరగా ఉంది, ఎందుకంటే అది పరాయి దేశంలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం. బబులోనుకి పట్టుకుపోయిన జనానికి యిర్మీయా యెరూషలేము నుంచి రాశాడు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని. 11వ వచనానికి ముందు 10వ వచనం ఉంది, 70 ఏళ్లు నిండాక మిమ్మల్ని తీసుకొస్తాను అని. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో ఎక్కువమంది అప్పటికి బతికి ఉండరు. అది విన్నవాళ్లలో షెమయా అనే ఆయనకి ఒళ్లు మండి, చెర ఇంకా చాలాకాలం ఉంటుంది ఇళ్లు కట్టుకోండి అని ఈ మనిషి మాకు రాస్తున్నాడు, వీణ్ణి ఎందుకు గద్దించలేదు అని యెరూషలేములో యాజకుడికి కంప్లైంటు రాశాడు. ఆ కంప్లైంటు కూడా అదే అధ్యాయంలో 28వ వచనం దగ్గర అలాగే ఉంచారు.